ఊపిరి కావాలి, మనిషి వద్దా?

సికింద్రాబాద్ స్టేషన్ రైలు కూత వింటూ పెరిగినోళ్లం మేం. ఆ కూతనే 1927లో మౌతార్గాన్‌లో పలికించి రికార్డు చేశాడు డిఫోర్డ్ బెయిలీ. 'పాన్ అమెరికన్ బ్లూస్' దాని పేరు. అమెరికా నల్లజాతి బిడ్డ, బానిస మనవడు. నాష్‌విల్ రేడియోలో 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అతని ఊపిరితో జనాన్ని పోగేసుకుంది. కచేరీలకు ఊళ్లు తిరిగితే తెల్లోళ్ల హోటళ్లు గది ఇయ్యలేదు. 1941లో పనిలోంచి తీసేసి సోమరి అని ముద్ర వేశారు. బూట్ పాలిష్ దుకాణంతో బతికాడు. 1982లో చనిపోయాడు. 2005లో గానీ 'కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటియ్యలేదు.

మన డప్పు కథ వేరా? జాతరకు డప్పు కావాలి, కొట్టేటోడు గడప బయటుండాలి! సచ్చినంక దండలెందుకు? డప్పు అన్నలారా, బతికుండగానే కూలి, కుర్చీ, మర్యాద అడుగుదాం. ఇయ్యకుంటే దరువు ఆపుదాం!