ఉత్త పుప్పొడే కదా, భాయ్!

“గంజాయి కాదు భాయ్, ఉత్త పుప్పొడి. అందులో మత్తే ఉండదు. ఇంట్లో కుండీలో ఒక కొత్త రకం పుట్టించి చూద్దామని. బయటి దేశాల్లో ఎంతమంది చేయడం లేదూ!” ఈ దలీల్ ఈమధ్య మన కుర్రాళ్ల నోట వింటున్నాను. ఆవారా పిల్లలు కాదు. చదువుకున్నవాళ్లు, మొక్కలంటే షౌక్ ఉన్నవాళ్లు, సిగరెట్ కూడా ముట్టనివాళ్లు. అందుకే “తౌబా తౌబా” అని కసిరి ఊరుకోకుండా, వాళ్ల దలీల్‌కి జవాబు చెప్పాలనిపించింది.

ముందు అందులో సచ్చాయీ ఎంతో చూద్దాం. గంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మత్తు ఉండేది ఆడ మొక్క పూత కొసల్లో. మగ మొక్క ఇచ్చేది పుప్పొడి. ఉర్దూలో దీన్ని జరే గుల్ అంటారు, పువ్వులోని బంగారం అని. తేనెటీగతో పని లేదు, గాలే మోసుకుపోతుంది. మొరాకో పొలాల గంజాయి పుప్పొడి సముద్రం దాటి దక్షిణ స్పెయిన్‌లోని మలగా ఊరి గాలిలో దొరికిందని శాస్త్రవేత్తలు రాశారు. అంత తేలిక. ఆ పుప్పొడిలో మత్తు దాదాపు లేదన్న మాటా నిజమే.

ఒకప్పుడు దాన్ని పారేసేవాళ్లు. 1893-94లో బ్రిటిష్ సర్కారు వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ బెంగాల్‌లోని నౌగావ్ గంజాయి పొలాల గురించి వివరంగా రాసింది. అక్కడ మగ మొక్కల్ని గుర్తుపట్టి పీకించడానికే ప్రత్యేకంగా మనుషులు ఉండేవాళ్లు. పొద్దార్ అనో, పరఖ్‌దార్ అనో పిలిచేవారు. పుప్పొడి తగిలితే ఆడ మొక్క గింజ కడుతుంది, సరుకు నాసిరకం అవుతుంది. అందుకని మగ మొక్క కనిపిస్తే పీకడమే. పరఖ్‌దార్లు పీకి పారేసినదానికే ఇవాళ ధర పలుకుతోంది. ఎందుకంటే రెండు రకాల్ని కలిపి మూడో రకం పుట్టించాలంటే పుప్పొడి కావాలి. మగ మొక్కను దాచడం, పంపడం కష్టం. చిటికెడు పొడి దాచడం సులువు.

పుప్పొడి అమ్మడం, కొనడం దానంతట అదే తప్పా? కాదు. అరబ్ బజార్లలో ఖర్జూర పుప్పొడి ఇవాళ్టికీ అమ్ముతారు. మదీనా రైతులు మగ ఖర్జూరపు పూతను ఆడ చెట్టుకు అంటించే తాబీర్ గురించి హదీసుల్లో ఉంది. ఒక ఏడు అది మానేస్తే కాపు తగ్గింది. దునియా పనుల సంగతి మీకే బాగా తెలుసని రసూలుల్లాహ్ (స) ఆ విషయం వాళ్లకే వదిలేశారు. తాబీర్ అయిన చెట్టును అమ్మితే ఆ ఏటి కాపు ఎవరిదన్న మసలా కూడా మన ఫిఖ్‌లో ఉంది. అంటే చెట్టుకు చెట్టును కలిపే ఇల్మ్ మనకు పరాయిది కాదు, హరామూ కాదు. అడగాల్సిన సవాల్ ఒక్కటే. ఈ పుప్పొడి దేనికి?

ఖర్జూర పుప్పొడితో ఖర్జూరం కాస్తుంది. గంజాయి పుప్పొడితో గంజాయి గింజ తప్ప ఇంకోటి రాదు. ఆ గింజ నాటకుండా రకం ఎలా ఉందో తెలీదు. నాటితే అది సాగు. ‘ఉత్త పుప్పొడి’ అన్న దలీల్ సరిగ్గా ఇక్కడ కూలిపోతుంది. కొనేవాడి దగ్గర ఆడ మొక్క ముందే ఉండాలి, లేకపోతే ఆ పొడి అతనికి ఎందుకూ పనికిరాదు. అంటే పుప్పొడి కొన్నాననడమే ఇంట్లో మొక్క ఉందని గవాహీ ఇచ్చుకోవడం.

ఇక కానూన్. మన దేశంలో మత్తు పదార్థాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, 1985లో వచ్చింది. అందులో పుప్పొడి అన్న మాట లేదు. పూత, కాయ కొసలు లేని ఉత్త ఆకుల్నీ, గింజల్నీ కూడా అది గంజాయి అనదు. మన కుర్రాళ్లు ఇక్కడే సంబరపడిపోతారు. కానీ అదే చట్టం 8వ సెక్షన్ గంజాయి మొక్క దేన్నీ పెంచకూడదంటుంది. 20వ సెక్షన్ ప్రకారం సాగుకు పదేళ్ల దాకా కఠిన ఖైదు, లక్ష రూపాయల దాకా జుర్మానా. ఎన్ని మొక్కలన్న లెక్క అక్కడ లేదు. ఎకరమైనా కుండీ అయినా సెక్షన్ ఒకటే. ప్రయత్నానికి 28, ప్రోత్సాహానికీ కుట్రకూ 29 ఉన్నాయి. సాగుకని తెలిసి పుప్పొడి అమ్మినవాడు ఆ గుంజాయిష్‌లోకి రాడని ఏ వకీలూ భరోసా ఇవ్వలేడు. “నా నియ్యత్ అది కాదు” అని రుజువు చేసుకునే భారం 35వ సెక్షన్ ముల్జిమ్ మీదే పెట్టింది.

ఇంకో మోసం కూడా ఉంది. యూరప్ గంజాయి బజారులో ‘పోలెన్’ అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి నిజమైన పుప్పొడి. రెండోది ఆడ పూత నుంచి జల్లించి తీసిన బంక పొడి, దాన్ని నొక్కి చేసిన ముద్ద. ఆ రెండోది మన కానూన్‌లో చరస్. గంజాయి 20 కిలోలైతే వాణిజ్య పరిమాణం, చరస్ అయితే ఒక్క కిలోకే. పొట్లం మీద ఏం రాశారన్నది అదాలత్ చూడదు, ల్యాబ్ రిపోర్టు చూస్తుంది.

“జర్మనీలో ఉన్న మా భాయ్‌జాన్ పెంచుతున్నాడు” అంటారు. నిజమే, అక్కడ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి ఇంటికి నాలుగు. అక్కడి కానూన్ అక్కడిది. విజయనగరం ఉన్న చోటు వేరు. పైన పాడేరు, చింతపల్లి కొండలు, ఇంకా పైన ఒడిశా వైపు కోరాపుట్, మల్కన్‌గిరి. అక్కడి నుంచి దిగే సరుకు సాలూరు ఘాట్ మీదుగానో, అరకు నుంచి బొడ్డవర మీదుగానో, కొత్తవలస రైలు మార్గంలోనో మన జిల్లాను తాకుతుంది. 2021 చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో కొండల మీద వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు ఒకేసారి తగలబెట్టారు. 2024లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగమే పెట్టారు. ఇలాంటి చోట నా కుండీలో మొక్క షౌక్ కోసమే అంటే ఎవరు నమ్ముతారు బేటా?

పైగా కొత్త రకాల ఆట ఎక్కడో అమెరికాలోదే కాదు. ‘శీలావతి’ అనే పేరు పేపర్లలో చదివే ఉంటారు. మన కొండల్లో పండే, ఎక్కువ ధర పలికే గంజాయి రకం. మంచి రకం పుట్టిందంటే దాని ధర పెరుగుతుంది. ధర పెరిగితే దాన్ని మోసుకుపోయే కుర్రాడికి ఆశ పెరుగుతుంది. జైల్లో పడేది రకం పుట్టించినవాడు కాదు, బ్యాగు మోసినవాడూ, కొండ మీద పోడు చేసుకునే గిరిజనుడూ. నాలుగు వేల కోసం బ్యాగు పట్టుకుని, జమానత్ దొరక్క నెలల తరబడి లోపలే ఉండిపోయే పిల్లల అమ్మీలను అదాలత్ వరండాలో చూస్తుంటాం. ఆ మొక్కకు ఇంకొంచెం బలం ఇచ్చే హునర్ మనకెందుకు?

నా రాయ్ ఒకటి దాచుకోను. కుండీకీ ఎకరానికీ ఫర్క్ చూడని సెక్షన్ ఇన్సాఫ్ కాదు. నాదానీతో ఒక మొక్క పెంచిన ఇరవై ఏళ్ల కుర్రాడినీ, లారీలు నడిపించే సేఠ్‌నూ ఒకే మాటతో కొలవకూడదు. ఆ చట్టం మారాలని అడగడం మన హక్కు. కానీ మారేదాకా దాని ధర మన పిల్లవాడు చెల్లించకూడదు.

అమ్మీలకూ అబ్బాలకూ రెండు మాటలు. ఇంట్లో ఆ మొక్క ఉందని తెలిసీ చూసీచూడనట్టు ఊరుకుంటే 25వ సెక్షన్ ఇంటివాళ్లనూ పట్టుకుంటుంది. బద్నామీ అవుతుందని దాచిపెట్టడం పిల్లవాడికి రక్షణ కాదు. ఒకవేళ అతను అప్పటికే అలవాటు పడ్డాడనుకోండి, దారి మూసుకుపోలేదు. తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో ఇలాజ్ చేయించుకునేవాడికి, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో, 64ఏ సెక్షన్ విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. డీఅడిక్షన్ సలహాకు 14446, ఈగల్ నంబర్ 1972. ఈ రెండూ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఇక ఆ షౌక్ సంగతి. దాన్ని చంపమని నేను అనను. రెండు మొక్కల్ని కలిపి మూడోది పుట్టించాలన్న కోరిక మంచి కోరిక. మన ఉత్తరాంధ్ర సువర్ణరేఖ మామిడి అందరికీ తెలుసు. చిన్న సువర్ణరేఖను జహంగీర్‌తో కలిపి కోడూరు పరిశోధన కేంద్రంలో పుట్టించిన రకం పేరు ‘స్వర్ణ జహంగీర్’. నీలం, హిమాయుద్దీన్ కలిస్తే ‘నీలుద్దీన్’. తెలుగూ ఉర్దూ కలిసిన పేర్లు, మన ఇళ్ల లాగే. అవీ పుప్పొడితో పుట్టినవే.

కుండీ చాలదు, మామిడికి ఏళ్లు పడుతుందంటారా? గోగు ఉంది. మనం అంబాడా అనేది, గోష్త్‌లో వేసుకునేది. మన రెండు జిల్లాలూ ఈ పంటకు పేరుబడ్డవి. ఆమదాలవలస పరిశోధన కేంద్రం దీని మీదే ఎన్నో రకాలు ఇచ్చింది. గోగుల్లో ఒకదాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకును పోలి ఉంటుందని ఆ పేరు. పువ్వు పెద్దది, పుప్పొడి కంటికి కనిపిస్తుంది, చేతితో కలపడం నేర్చుకోవచ్చు. ఒక్క ఏడాదిలో ఫలితం చూడొచ్చు. మంచి రకం నిజంగా పుట్టిందా, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద మీ పేరుతో రిజిస్టర్ చేయించుకునే వీలుంది. ఒక కానూన్‌లో ముల్జిమ్‌గా నిలబడే కుర్రాడు ఇంకో కానూన్‌లో హక్కుదారుగా నిలబడొచ్చు. చేతిలో ఉన్న హునర్ అదే, చిటికెడు పొడీ అలాంటిదే. ఏ పువ్వు మీద చల్లుతామన్నదే మన ఇష్టం.