ఉగాదికొక చేతికార్డు



గడచిన మాసమున పాతచీరల అంచులతో సంచులు కుట్టు విధమును వ్రాసితిమి. ఉగాది సమీపించుచున్నది గాన ఈ మాసమున బంధుమిత్రులకు పంపదగిన గ్రీటింగు కార్డును ఇంటియందే చేసికొను రీతిని విన్నవింతుము. పండుగనాడు సెల్‌ఫోనులో శుభాకాంక్షలు వందలుగా వచ్చి పడుచుండగా ఈ శ్రమ యేల యని కొందఱనవచ్చును. దానికి సమాధానము మా పెద్దమ్మ మాటలలోనే కలదు. దానిని చివర చెప్పెదము.

ముందుగా కాగితము. అంగడిలో 250 జీ.ఎస్.ఎం. మందమని యడిగిన నిత్తురు. 210 × 297 మిల్లీమీటర్ల ఏ4 తావును పొడవు సగమునకు కోసిన రెండు ముక్కలగును. ఒక్కొక్కదానిని మరల సగమునకు మడచిన ఒక్కొక్క కార్డగును. కార్డు ఇంచుమించు 8 గ్రాములు తూగును. కవరును అలంకారములును చేరి 20 గ్రాములు మించకున్నచో సాధారణపు ఉత్తరముగనే పోవును. కాగితమునకును బట్టవలె పోగు కలదు. రెండు దిక్కుల మెల్లగా వంచి చూచిన ఒక దిక్కున సులువుగా వంగును. ఆ దిక్కున మడచిన అంచు చిట్లదు. మడతపెట్టుచోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి గీచి, ఆ గాడి వెలుపలికి వచ్చునట్లు మడవవలయును.

ఇక అచ్చులు. అద్దకము మనకు క్రొత్తగాదు. కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ బట్టలకు టేకుచెక్కపై చెక్కిన అచ్చులను నేటికిని వాడుచున్నారు. రంగునకొక అచ్చు వేఱుగా నుండును. మన కార్డునకు రబ్బరు స్టాంపు చాలును. ఇంకు ప్యాడుపై దానిని రుద్దక తట్టవలయును. కాగితముపై తిన్నగా నొక్కి, కదలింపక, తిన్నగానే ఎత్తవలయును. పిల్లలకైనచో బెండకాయను అడ్డముగా కోసి, తడి తుడిచి, రంగులో అద్దించిన రేకులపువ్వు పడును.

అంగడి స్టాంపులపై తఱచుగా నుండునది ఆంగ్లమే. తెలుగున కావలెనన్న పెద్ద రబ్బరుముక్కపై మనమే చెక్కుకొనవచ్చును. మేము మొదట ‘శుభము’ అని రబ్బరుపై తిన్నగా వ్రాసి, రెండు గంటలు కూర్చుండి చెక్కితిమి. అద్దగా అక్షరములన్నియు ఎడమకుడులై పడినవి. బడినుండి వచ్చిన మా యింటివారు దానిని చూచి, నవ్వక, గోడనున్న అద్దమును తెచ్చి కాగితము ప్రక్కన నిలిపిరి. మీకా పాటు వలదు. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో వ్రాసి, వ్రాత రబ్బరునకు తగులునట్లు బోర్లించి, వెనుకనుండి చెంచాతో రుద్దుడు. అక్షరములు తమంతట తిరుగబడి దిగును.

సిరాలలో త్వరగా ఆఱునది కొంత, మెల్లగా ఆఱునది కొంత. మెల్లగా ఆఱు పిగ్మెంటు సిరాతో అద్ది, తడిగా నున్నపుడే ఎంబాసింగు పొడి చల్లి, అంటనిదానిని దులిపి, హీట్‌గన్నుతో వేడి తగిలించిన పొడి కరగి అక్షరములు ఉబ్బి నిలుచును. తలవెండ్రుకలు ఆరబెట్టు డ్రైయరు దీనికి పనికిరాదు. గాలికి పొడి ఎగిరిపోవును, వేడియు చాలదు.

పంచులు పూవు, ఆకు, వలయము మొదలగు ఆకారములతో దొరకును. తలక్రిందుగా పట్టుకొన్నచో ఆకారమెక్కడ పడునో కనబడును. మందపు కాగితమును ఇరికింపరాదు. పదును తగ్గినచో వంటింట రొట్టెలు చుట్టు అల్యూమినియపు రేకును మడచి పదిసారులు నొక్కవలయును. నిమ్మలకుంట తోలుబొమ్మలను చూచినవారెఱుగుదురు: తోలులో తీసిన చిన్నచిన్న రంధ్రములగుండ దీపపు వెలుగు వచ్చి తెరపై నగలై మెఱయును. మనమును కార్డు అంచున రంధ్రములు తీసి వెనుక పసుపు కాగితమంటించిన ఆ సొగసే వచ్చును.

డై యనునది పలుచని ఉక్కు అచ్చు. దాని అంచు కత్తివలె నుండును. ఆ అంచు కాగితమునకు ఆనునట్లుంచి, క్రిందను పైనను పలకలు పెట్టి, రెండు రోలర్ల నడుమ చేతితో త్రిప్పి పోనిచ్చిన ఆకారము తెగివచ్చును. చెఱకురసము తీయు యంత్రమును చూచినవారికి దీని తీరు చెప్పనక్కఱలేదు. పలకలను ప్రతిమాఱు తిరుగవేయనిచో వంగిపోవును. యంత్రము వెల గలది. నలుగురు కలిసి ఒకటి కొనుట మేలు. లేనివారికి కత్తెర యున్నదిగదా!

క్రిస్మసు కార్డు పుట్టుక విన వింతగా నుండును. 1843లో లండనున హెన్రీ కోల్ అనునాయన, క్రిస్మసునకు మిత్రులందఱికి ఉత్తరములు వ్రాయ తీరికలేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లే యను చిత్రకారునిచే బొమ్మ గీయించి అచ్చువేయించెను. ఒక్కొక్కటి షిల్లింగునకు అమ్మిరి. వ్రాయ తీరికలేక పుట్టినది ఆ కార్డు. ఆ లోపము మా చేతికిని అంటినదని రెండేండ్ల క్రితము తెలిసికొంటిమి.

మా పెద్దమ్మకిప్పుడు 84 ఏండ్లు. చిన్ననాట మాకు పోతన భాగవతము పాఠము చెప్పినది ఆమెయే. నీటికాసులవలన చూపు పోయి ఆఱేండ్లయినది. మూడేండ్ల క్రితము అంగడికార్డు పంపగా, తడవి చూచి ‘నున్నగా నున్నది’ అని ప్రక్కన పెట్టెనట. మఱుసటి యేడు మూడు సాయంత్రములు కూర్చుండి, మామిడాకులను డైతో కోసి తోరణముగా ఎత్తుగా నతికించి, వేపపూలు పంచితో తీసి, లోపల ‘శుభము’ అని అద్ది, పండుగకు పోయినపుడు ఆమె చేతిలో నుంచితిమి. ఆమె వ్రేళ్లతో ఆకులను లెక్కించెను. ‘ఐదవ ఆకు కొన వంగినదే, అమ్మాయీ’ యనెను. అది మా కంటికే పడలేదు. పిమ్మట కార్డును మనుమరాలికిచ్చి ‘లోపల నేమి వ్రాసినదో చదువవే’ యనెను. పిల్ల ‘శుభము’ అని ఊరకుండెను. పెద్దమ్మ ఇంకను చెవియొగ్గి వినుచుండెను. కొంతసేపటికి ‘అంతేనా?’ అనెను. ఎదుటనే కూర్చుండియు మేమేమియు పలుకలేకపోతిమి.

నిరుడు ఆకులు మూడే అతికించితిమి. లోపల మాత్రము ఆఱు పంక్తులు వ్రాసితిమి: వసారాలో గజేంద్రమోక్షము అప్పగించుచు ఒక పాదము మఱచి మేము ఏడ్చిన మధ్యాహ్నమును గూర్చి. పెద్దమ్మ దానిని మనుమరాలిచే మూడుసార్లు చదివించుకొనెనట.

అది మొదలు మా యింట ఒక నియమమేర్పడినది. తావు కోసి మడచినతోడనే, రంగు తీయకమునుపే, లోపలి మాటను వ్రాసికొందుము. చెప్పవలసిన మాట కుదిరినపిమ్మట దానికి తగిన పువ్వేదో ఆకేదో చేతికే తోచును. వేళ చాలకపోయిన తోరణము తగ్గింతుము గాని పంక్తి తగ్గింపము.

వచ్చు మాసమున మామిడి ఒరుగులను ఎండబెట్టి నిలువయుంచు విధమును వ్రాయుదుము.