మోటర్ మళ్ల కాలింది బిడ్డా

శనివారం పొద్దున్నే బాపు ఫోన్. తిన్నావా, ఎట్లున్నవ్ ఏమీ లేవు. "మోటర్ మళ్ల కాలింది బిడ్డా" అన్నాడు. ఒక్క యాసంగిలోనే ఇది మూడోసారి. మొక్కజొన్న గింజ పాలు పోసుకునే టైం. ఈ వారం నీళ్లందకపోతే గింజ నిండదు. ల్యాప్‌టాప్ మూసేసి కరీంనగర్ బస్సెక్కాను.

బోరు మోటర్ తీయడమంటే మా దగ్గర నలుగురు కూడాల్సిన పని. స్టార్టర్ ఆపితే సరిపోదు, ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కరెంటు బంద్ చేయించాలి. తర్వాత బోరు మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైన్‌పుల్లీతో ఒక్కో పైపును పైకి లాగాలి. కింది పైపుకు క్లాంపు బిగించి, పై పైపు విప్పాలి. పైపు 20 అడుగులు, మా మోటర్ ఉన్నది 200 అడుగుల లోతులో. క్లాంపు జారిందా, పైపులు, కేబుల్, మోటర్ అన్నీ పాతాళానికే. అందుకే ఆ గంటసేపు ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

"వైండింగ్ చేయిస్తే అయిపోతది" అన్నాడు మెకానిక్ అన్న. ముందు రెండుసార్లూ చేయించింది అదే. ఆఫీసులో సర్వర్ పడిపోతే మేమూ అంతే, రీస్టార్ట్ కొట్టి చేతులు దులుపుకుంటాం. మూడోసారి పడిపోతే మాత్రం మేనేజర్ ఒకటే అడుగుతాడు, అసలు ఎందుకు పడిందని. నేనూ అన్నను అదే అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "అయితే పంపు గూడ ఇప్పుదాం పా" అన్నాడు.

సబ్‌మెర్సిబుల్‌లో కింద మోటర్, పైన పంపు. పంపులో గిన్నెల్లాంటివి ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక్కో గిన్నెలో ఒక ఇంపెల్లర్ తిరుగుతూ నీళ్లను పై గిన్నెకు తోస్తుంది. ఇంపెల్లర్‌కూ దాని చుట్టూ ఉండే రింగుకూ మధ్య సందు చాలా తక్కువ. నీళ్లతో పాటు వచ్చే ఇసుక ఆ సందును అరగదీస్తుంది. సందు పెరిగితే పైకెక్కాల్సిన నీళ్లు మళ్లీ కిందికే జారతాయి. మోటర్ తిరుగుతూనే ఉంటుంది, పైపులో ధార మాత్రం సన్నబడుతుంది. మా పంపులో రింగులు అరిగిపోయాయి, బుష్‌లు లొడలొడలాడుతున్నాయి. జాలీకి ఇసుక పట్టి ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో పంపుల వీడియోలు చూస్తుంటే, జెట్ బోటు పంపు విప్పేది ఒకటి కనిపించింది. ఈ బోటుకు కింద వేలాడే ఫ్యాన్ ఉండదు. అడుగున ఉన్న జాలీలోంచి పంపు నీళ్లు లాగి, వెనక నుంచి జోరుగా చిమ్ముతుంది. ఆ తోపుడుకే బోటు ఉరుకుతుంది. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే గొర్రెల రైతు 1950ల్లో లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ ఉన్న నదుల కోసం దీన్ని తయారు చేశాడు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం గంగకు ఎదురెక్కింది ఇలాంటి బోట్ల మీదే. ఎండాకాలం ధర్మపురి దగ్గర గోదావరిలో బండలు, ఇసుక మేటలు చూసినవాళ్లకు ఈ బోటు అవసరం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆశ్చర్యమేమంటే, అందులోనూ అదే ఇంపెల్లర్, అదే రింగు, అదే సన్న సందు. ఇసుక తిని సందు పెరిగితే ఇంజన్ అరుస్తుంది కానీ బోటు కదలదు. వాళ్లు పంపు దించి, రింగు మార్చి, ఇంపెల్లర్ అంచులు సరిచేసి, కొత్త బేరింగులు, సీళ్లు వేస్తారు. చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోకపోతేనే మళ్లీ బిగిస్తారు.

రింగులు అరగడం సరే, వైండింగ్ ఎందుకు కాలినట్టు? మోటర్‌ను చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. బోరులో నీళ్లు దిగిపోయాక కూడా మోటర్ తిరిగితే వేడికి వైండింగ్ మాడుతుంది. అలా కాకుండా స్టార్టర్‌లో రక్షణ ఉండాలి. తెల్లారి డబ్బా తెరిచాక దొంగ దొరికాడు. నేనే.

వెనకట కరెంటు రాత్రిపూట వచ్చేది. చీకట్లో బావి దగ్గరికి పోలేక రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, వాటిని తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. మేమూ తీసేశాం. తర్వాత బాపుకు తిప్పలు తప్పుతాయని నేను మొబైల్ స్టార్టర్ పెట్టించాను. నీళ్లు లేకపోతే ఆంప్స్ పడిపోతాయి, అది గమనించి మోటర్‌ను ఆపేస్తుంది. ఈ ఎండాకాలం రోజుకు నాలుగుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నేను మీటింగులో ఉండగా బాపు ఫోన్. విసుగొచ్చి ఆ సెట్టింగే తీసేశాను. మా భాషలో చెప్పాలంటే, టెస్టు ఫెయిలవుతోందని టెస్టునే తీసేసినట్టు.

ఈ సంగతి చెప్తే బాపు కోప్పడలేదు. "మోట కొట్టేటప్పుడు బొక్కెన సగమే నిండితే బరువు లేక ఎడ్లు ఉరికేటివి. మీ తాత కాడి ఇప్పి, బాయి ఊరేదాక ఆగేటోడు" అన్నాడు. ఎడ్లకు తెలిసింది, డబ్బాకూ తెలిసింది. ఇంజనీరుకే తెలియలేదు.

బోరు ఫ్లషింగ్ చేయించి ఇసుక కడిగించాం. వైండింగ్‌తో పాటు రింగులు, బుష్‌లు మార్పించాం. మోటర్‌లో మంచినీళ్లు నింపి దించి, మూడు ఫేజుల్లో ఆంప్స్ చూశాకే వదిలాం. ఇప్పుడు రెండు గంటలు నడిపి, గంట ఆపుతున్నాం. రెండెకరాల్లో అర ఎకరం దక్కలేదు. అది నా ఖాతాలోనే రాసుకున్నాను.

మీ ఇంట్లోనూ మోటర్ రెండోసారి కాలితే, వైండింగ్‌కు ఎంతవుతుందని కాదు, ఎందుకు కాలిందని అడగండి. నిన్న మీటింగులో ఉండగా "మోటర్ ఆగింది" అని మెసేజ్ వచ్చింది. బాపుకు నేనే ఫోన్ చేశాను. "బాయి ఊరుతాంది తియ్, నీ పని చేస్కో" అన్నాడు.