సందేహం సాక్ష్యం కాజాలదు

నికాహ్ ఉభయుల సమ్మతితో, మహర్ నిర్ణయించుకొని, ఇద్దరు సాక్షుల ఎదుట జరిగే ఒప్పందం. కాజీ గారు సియాహా వ్రాస్తారు, వకీలు, సాక్షులు సంతకాలు చేస్తారు, మజ్లిస్‌లో ఖర్జూరాలు పంచుతారు. ఆ తరువాత ఆ వివాహం నిజమైనదేనా అని అడిగేవారు మన సమాజంలో ఉండరు. కాని వరుడో వధువో అమెరికాలో స్థిరపడినవారైతే ఆ ప్రశ్న మళ్ళీ తలెత్తుతుంది. హైదరాబాదు పాతబస్తీ మొదలుకొని నిజామాబాదు, కరీంనగర్, కర్నూలు, కడప, గుంటూరు వరకు ఎన్నో కుటుంబాల ఆడపిల్లలు, మగపిల్లలు వీసా ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలసి వస్తున్నది. జవాబు అధికారికి నచ్చకపోతే కాపురం ఆగిపోతున్నది. ఈ సంచికలో ఆ సమస్యను గురించి మా అభిప్రాయం విన్నవించదలచాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాము. తన సరిహద్దులోకి ఎవరు వస్తున్నారో విచారించుకొనే అధికారం ప్రతి దేశానికీ ఉన్నది. కేవలం వీసా కోసం చేసుకొనే దొంగ పెళ్ళిళ్ళు ఉన్నాయనడంలోనూ సందేహం లేదు. విచారణ జరగడం పట్ల మాకు అభ్యంతరం లేదు. విచారణలో కలిగిన అనుమానాన్నే రుజువుగా లెక్కవేసే పద్ధతి పట్ల మాత్రమే మా అభ్యంతరం.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. 1985లో అమెరికా సెనెట్ ఉపసంఘం ఎదుట నాటి వలస శాఖ కమిషనర్ అలన్ నెల్సన్ సాక్ష్యమిస్తూ, వివాహం ఆధారంగా వచ్చే దరఖాస్తులలో సుమారు 30 శాతం మోసపూరితమైనవని చెప్పారు. ఆ మరుసటి సంవత్సరమే, 1986లో, వలస వివాహ మోసాల సవరణ చట్టం వచ్చింది. తరువాత ఆ చట్టాన్ని సవాలు చేసిన వ్యాజ్యంలో అసలు సంగతి బయటపడింది. ఆ 30 శాతం సంఖ్యకు ఆధారమైన సర్వేలో లెక్కించినవి రుజువైన మోసాలు కావు, అధికారులకు అనుమానం కలిగిన కేసులు. సంఖ్య తేలిపోయింది గాని చట్టం నిలిచే ఉన్నది.

బ్రిటన్ అనుభవం ఇంకా చేదైనది. 1979 జనవరిలో, కాబోయే భర్త వద్దకు వెళ్ళిన 35 సంవత్సరాల భారతీయ మహిళను లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఆపివేసి, ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చుకొనే నెపంతో కన్యత్వ పరీక్ష చేశారు. వార్త పత్రికలకెక్కిన తరువాత ఆ పద్ధతిని నిలిపివేయవలసి వచ్చింది. కనీసం 80 మంది దక్షిణాసియా స్త్రీలు ఇటువంటి అవమానానికి గురయ్యారని చాలా ఏళ్ళకు వెలువడిన ప్రభుత్వ పత్రాలు తెలిపాయి. ఆ పరీక్ష పోయినా, వివాహం యొక్క ముఖ్యోద్దేశం బ్రిటన్‌లో ప్రవేశించడం కాదని దరఖాస్తుదారే నిరూపించుకోవాలనే నిబంధన 1997 వరకు కొనసాగింది. మనసులో లేని ఉద్దేశాన్ని లేదని నిరూపించడం ఎవరికి సాధ్యం? ఆ నిబంధన భారాన్ని అధికంగా మోసినవి భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కుటుంబాలే.

ఇక నేటి పరిస్థితి చూద్దాము. అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు గల వ్యక్తో తన భార్య లేక భర్త కోసం ఐ-130 దరఖాస్తు దాఖలు చేస్తారు. అది అక్కడ ఆమోదం పొందిన తరువాత, మన దేశంలోని దంపతులకు ఇంటర్వ్యూ సాధారణంగా ముంబయి కాన్సులేట్‌లో జరుగుతుంది. హైదరాబాదులోనే పెద్ద కాన్సులేట్ ఉన్నప్పటికీ ఈ వీసా కోసం మనవారు ముంబయి వెళ్ళవలసిందే. అక్కడ కొద్ది నిమిషాలలో ఒక అధికారి ఆ దాంపత్యం నిజానిజాలను అంచనా వేస్తారు.

ఆ అధికారి మనసులో ఉండే పెళ్ళి చిత్రం వేరు. యువతీ యువకులు కొన్నేళ్ళు కలిసి తిరుగుతారు, ఫోటోలు దిగుతారు, ఒకరి అభిరుచులు ఒకరికి కంఠతా వస్తాయి, ఆ తరువాత వివాహం. మన ఇళ్ళలో పెద్దలు సంబంధం చూస్తారు, పిల్లలు ఒకటి రెండు సార్లు పెద్దల సమక్షంలో మాట్లాడుకొంటారు, వరుడికి దొరికిన రెండు మూడు వారాల సెలవులో నికాహ్, వలీమా ముగుస్తాయి. పెళ్ళికి ముందు కలిసి దిగిన ఫోటోలు లేకపోవడం మన దృష్టిలో మర్యాద, ఆ కిటికీ అవతల అదే లోపం. భర్త జీతమెంత, ఆయన గదిలో ఇంకెవరుంటారు అని అడిగితే కొత్త పెళ్ళికూతురు తడబడుతుంది. ఆ బిడియం ఫైలులో అనుమానంగా నమోదవుతుంది. మేనరికాలు, దగ్గరి బంధువుల మధ్య వివాహాలు తెలుగు నేలపై అన్ని మతాలలోనూ ఉన్న ఆచారం. అమెరికాలో దాదాపు సగం రాష్ట్రాలు పినతండ్రి, మేనమామ పిల్లల మధ్య వివాహాన్ని నిషేధించాయి. అటువంటి సంబంధాల విషయంలో ప్రశ్నలు మరింత పదునెక్కుతాయి.

ఫోన్ నికాహ్‌ల సంగతి ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. వరుడు షికాగోలోనో, హ్యూస్టన్‌లోనో ఉండి, వకీలు ద్వారానో, వీడియో ద్వారానో నికాహ్ జరిపించే అలవాటు మన కుటుంబాలలో పెరిగింది. వకీలు ద్వారా జరిగే నికాహ్ మన ఫిఖహ్‌లో చెల్లుతుంది. కాని వధూవరులిరువురూ ఒకే చోట హాజరు కాని వివాహాన్ని, ఆ తరువాత వారు కలిసి దాంపత్యం నెరపితే తప్ప, అమెరికా వలస చట్టం వివాహంగా గుర్తించదు. ఈ చిన్న విషయం తెలియక, నికాహ్ అయిన వారానికే దరఖాస్తు పెట్టి, నెలల తరబడి ఎదురుచూసి, చివరకు తిరస్కరణ అందుకొనేవారు ఉన్నారు.

తిరస్కరణ వచ్చినప్పుడు కారణం అడిగే మార్గం కూడా ఇరుకైనది. చేతికిచ్చే కాగితం మీద చట్టంలోని సెక్షన్ సంఖ్య తప్ప వివరణ ఉండకపోవచ్చు. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని న్యాయస్థానాలు సాధారణంగా తిరగతోడవు. 2015లో ఆఫ్ఘనిస్తాన్‌కు చెందిన భర్త కోసం పోరాడిన ఫౌజియా దిన్ అనే అమెరికా పౌరురాలి కేసులోనూ, 2024 జూన్‌లో సాండ్రా మున్యోజ్ అనే మరొక పౌరురాలి కేసులోనూ అక్కడి సుప్రీంకోర్టు భార్యల పక్షాన నిలువలేదు. అవి వివాహ మోసం ఆరోపణల కేసులు కావు. అయినా విదేశీ భర్తను దేశంలోకి రప్పించుకొనడం పౌరురాలి మౌలిక హక్కు కాదని రెండవ తీర్పు తేల్చివేయడంతో, ఏ కారణంతో వీసా నిరాకరించినా ప్రశ్నించే దారి మరింత మూసుకుపోయింది.

ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా ఫైళ్ళు నడిపిన మాకు ఇది మింగుడుపడని విషయం. కారణం వ్రాయని ఉత్తర్వు మీద సంతకం పెట్టించడానికి ఏ సూపరింటెండెంటూ ఒప్పుకొనేవాడు కాదు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో మన సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం కూడా ఇదే. మనిషి ప్రయాణ హక్కును హరించే ముందు అతని మాట వినాలి, అనుసరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలి. ఈ సూత్రం ఒక దేశానికి పరిమితమైనదిగా మేము భావించడం లేదు.

నిరాశ చెందనవసరం లేని కొన్ని అంశాలు కూడా అదే చట్టంలో ఉన్నాయి. అనుమానం, ఊహ వివాహ మోసానికి రుజువు కాజాలవని, బలమైన సాక్ష్యం ఉండాలని అమెరికా వలస అప్పీళ్ళ బోర్డు 1990లో తౌఫీక్ కేసులో చెప్పింది. 2019లో సింగ్ కేసులో ఆ ప్రమాణాన్ని మరింత వివరించింది. వివాహం చేసుకొన్న నాడు కలిసి జీవించాలనే సంకల్పం ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న అని అక్కడి న్యాయస్థానాలు ఎన్నడో తేల్చాయి. ముంబయిలోని అధికారి ఆమోదిత దరఖాస్తును తానుగా రద్దు చేయలేరు. తిరిగి వలస సేవల విభాగానికి పంపుతారు. ఆ విభాగం రద్దు చేయదలిస్తే ముందుగా నోటీసు ఇచ్చి, తమ వద్దనున్న వ్యతిరేక సమాచారాన్ని తెలియజేసి, జవాబుకు గడువు ఇవ్వాలి. సాధారణంగా ఆ గడువు 30 రోజులే. ఆ నోటీసు అందిన నాడే తెలిసిన న్యాయవాదిని సంప్రదించాలి. మౌనంగా ఉంటే అనుమానమే ఖాయమవుతుంది.

స్త్రీల స్థితి మన ప్రత్యేక శ్రద్ధను కోరుతున్నది. వివాహమై రెండేళ్ళు నిండకముందే అమెరికా చేరినవారికి 1986 చట్టం ప్రకారం షరతులతో కూడిన రెండేళ్ళ నివాసమే లభిస్తుంది. ఆ గడువు ముగియడానికి ముందు 90 రోజులలో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దాఖలు చేయాలి. అనగా మోసాన్ని అరికట్టడానికి తెచ్చిన నిబంధన భార్య భవితవ్యాన్ని భర్త సంతకానికి ముడివేసింది. కొట్టినా తిట్టినా నోరు మూసుకొని ఉండమని, లేకపోతే సంతకం పెట్టనని బెదిరించే భర్తలకు అది ఆయుధమయింది. హింసకు గురైన జీవిత భాగస్వామి భర్త సంతకం లేకుండానే దరఖాస్తు చేసుకొనే మినహాయింపును 1990లో కల్పించారు. 1994 నాటి మహిళలపై హింసా నిరోధక చట్టం ఈ రక్షణలను విస్తరించింది. పరాయి దేశానికి పంపే ముందు ప్రతి తల్లిదండ్రులు తమ బిడ్డకు చెప్పి పంపవలసిన సంగతి ఇది. నగలకంటె ఈ సమాచారం ఎక్కువగా ఆదుకొంటుంది.

మన వైపు చూసుకొనవలసిన బాధ్యత కూడా ఉన్నది. పెళ్ళి పేరుతో జరిగే మోసం మన సముదాయానికి కొత్త కాదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతార్ దేశాలకు చెందిన షేకులను, వారికి బాలికలతో నికాహ్‌లు జరిపించిన కాజీలను, దళారులను అరెస్టు చేసిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ నికాహ్‌లకు కూడా కాగితాలు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి. కాగితం ఉన్నంత మాత్రాన వివాహం పవిత్రం కాదని మన పిల్లలే మనకు నేర్పిన పాఠం అది. అలాగే పుట్టిన తేదీ మార్చడం, పాత వివాహాన్ని దాచడం, జరగని వలీమాకు ఫోటోలు సృష్టించడం వంటి పనులకు ధైర్యం చెప్పే ఏజెంట్లు మన వీధులలోనే ఉన్నారు. అమెరికా చట్టంలో వీసా కోసం దొంగ పెళ్ళి చేసుకొన్నవారికి 5 సంవత్సరాల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా ఉన్నవి. ఒకసారి ఆ ముద్ర పడితే ఆ వ్యక్తి తరువాత నిజమైన వివాహమే చేసుకొన్నా, వలస దరఖాస్తు ఆమోదం పొందదు. ఒకడు చెప్పిన అబద్ధానికి అదే మొహల్లా నుండి వెళ్ళే మరో పది మంది నిజాయితీపరులు సందేహపు చూపులు భరించవలసి వస్తుంది.

కాగితాల విషయంలో మన నిర్లక్ష్యం కూడా తక్కువది కాదు. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఎండి. అని, పాస్‌పోర్టులో మొహమ్మద్ అని, సియాహాలో మహమ్మద్ అని ఉంటుంది. పాఠశాల ధ్రువపత్రంలో ఫాతిమా ఉన్న అమ్మాయి నికానామాలో ఫాతిమా బేగం అవుతుంది. హిజ్రీ తేదీకి ఎదుట వ్రాసిన ఇంగ్లీషు తేదీ ఒక రోజు అటో ఇటో ఉంటుంది. మనకు ఇవి పొరపాట్లు, పరాయి అధికారికి ఇవి వేరు వేరు మనుషులు. అప్పు ఒప్పందాన్ని సైతం సాక్షులతో వ్రాసుకొనమని బోధించిన ధర్మాన్ని అనుసరించేవారు జీవిత ఒప్పందాన్ని ఇంత అజాగ్రత్తగా వ్రాయడం తగదు.

కావున కొన్ని సూచనలు చేస్తున్నాము. నికాహ్‌కు ముందే వధూవరుల పేర్లు, తేదీలు పాస్‌పోర్టు ప్రకారం సరిచూసి సియాహా వ్రాయించాలి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నిర్బంధ వివాహ నమోదు చట్టం ప్రకారం వివాహాన్ని నమోదు చేయించాలి. మునుపటి వివాహం ఉంటే అది చట్టబద్ధంగా ముగిసినట్లు పత్రం ఉండాలి. ఒక్కసారిగా చెప్పిన మూడు తలాఖులు 2019 చట్టం ప్రకారం చెల్లవు గనుక, ఆ కాగితం మీద ఆధారపడి చేసిన రెండవ వివాహం చిక్కుల్లో పడుతుంది. ఫోన్‌లో నికాహ్ అయితే, భార్యాభర్తలు కలిసి కొంతకాలం గడిపిన తరువాతే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణ టిక్కెట్లు, బంధువులతో దిగిన ఫోటోలు, పంపిన డబ్బు రసీదులు భద్రపరచాలి. ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పడమే క్షేమం. నేర్పించిన జవాబు చిలకపలుకులా బయటపడుతుంది.

ప్రభుత్వాలకు కూడా మా విజ్ఞప్తి ఉన్నది. వక్ఫ్ బోర్డు, మైనారిటీ సంక్షేమ శాఖ కలిసి కాజీలకు పత్రాల నిర్వహణలో శిక్షణ ఇవ్వాలి. కుటుంబాలకు ఉచిత సలహా కేంద్రం నెలకొల్పాలి. భారత విదేశాంగ శాఖ వీసా చర్చలలో విద్యార్థుల, ఉద్యోగుల సమస్యలతో పాటు విడిపోయిన దంపతుల సమస్యను కూడా ప్రస్తావించాలి. వలస వీసా ఇంటర్వ్యూలు హైదరాబాదులో జరిగేట్లు కోరాలి. తిరస్కరించిన ప్రతి కేసులో కారణాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలని అడగాలి.

మోసగాడిని పట్టుకొనండి, మేము అడ్డుపడము. అతని కోసం వేసిన వలలో నిజమైన భార్యను, నిజమైన భర్తను చిక్కించి, ఏళ్ళ తరబడి ఎదురుచూడమనడం మాత్రం న్యాయం కాదు. సందేహం విచారణకు ఆరంభం కావచ్చును గాని తీర్పు కాజాలదు. మన కాగితాలు సత్యమైనవిగా ఉంచుకొనడం మన బాధ్యత. ఆ సత్యాన్ని ఓపికగా చదివి, కాదన్నప్పుడు కారణం చెప్పడం వారి బాధ్యత.