పాటలు తెలుగులో అమ్ముతారు, ఫిర్యాదు మాత్రం ఇంగ్లీషులోనే వింటారా?

మ్యూజిక్ యాప్ ఇన్‌స్టాల్ చేసి తెరవగానే వచ్చే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "మీకు ఏ భాష పాటలు కావాలి?" అని. నగరిలాంటి సరిహద్దు ఊళ్లో చాలామంది తెలుగు, తమిళం రెండూ టిక్ పెడతారు. ఆ క్షణం నుంచి మనకు నచ్చే పాటలన్నీ వరసగా వస్తాయి, మధ్యమధ్యలో ప్రీమియం తీసుకోమని బతిమాలే యాడ్స్ కూడా. తీసుకోవాలంటే యూపీఐ పిన్ కొడితే చాలు, అర నిమిషం పని. అదే డబ్బు రెండుసార్లు కట్ అయిందనో, డబ్బు కట్టినా యాడ్స్ ఆగలేదనో అడగబోతే ఫోన్ నంబరు ఉండదు, తెలుగు ఉండదు. చాలాసార్లు అవతల మనిషే ఉండడు.

ఏ భాషలో అమ్ముతున్నారో ఆ భాషలోనే ఫిర్యాదు వినాలి. చేరడం ఎంత సులువో మానుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఇందులో చాలా భాగం ఇప్పటికే మన నిబంధనల్లో ఉంది.

నగరిలో సపోర్ట్ అంటే మొబైల్ షాపే

నగరిలో నాకు తెలిసిన ఒక మొబైల్ షాపు ఓనరు ఉన్నారు. రీచార్జ్, టెంపర్డ్ గ్లాస్, డిస్‌ప్లే మార్చడం ఆయన వ్యాపారం. దాంతోపాటు జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉంది. "అన్నా, పాటల యాప్‌కు డబ్బులు కట్ అవుతా ఉండాయి, ఆపి పెట్టు" అని వచ్చే వాళ్ల ఫోన్లు చూడటం. వచ్చేవాళ్లలో పవర్‌లూమ్ పనివాళ్లు, ఆటో నడిపేవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ ఉంటారు. ఒకాయనకు నెలకు 119 చొప్పున ఆరు నెలలు పోయాయి. యాప్ ఎప్పుడో తీసేశాడు. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ కూడా ఆగిపోతుందనుకున్నాడు, ఆగలేదు. మొత్తం 714 రూపాయలు. కూలి లెక్కన నడిచే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

రిఫండ్ అడగమంటే ఆయనన్న మాట ఇదీ: "నూట పంతొమ్మిది రూపాయలకు ఎవురితో కొట్లాడేది అన్నా?" ఈ ఆలోచన మీదే చాలా సబ్‌స్క్రిప్షన్లు బతుకుతున్నాయి. మొత్తం చిన్నది, అడిగే దారి పెద్దది, కాబట్టి జనం వదిలేస్తారు.

ముందు తేలాల్సింది: డబ్బు తీసుకున్నది ఎవరు?

మ్యూజిక్ సబ్‌స్క్రిప్షన్ గొడవల్లో సగం ఇక్కడే చిక్కుకుంటాయి. పాట వినిపించేది ఒకరు, డబ్బు తీసుకునేది ఇంకొకరు. మీరు డబ్బు కట్టిన దారి ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది.

1. యాప్‌కే నేరుగా, కార్డుతోనో యూపీఐ ఆటోపేతోనో. అప్పుడు అడగాల్సింది ఆ యాప్ కంపెనీనే.
2. గూగుల్ ప్లే ద్వారా. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. డబ్బు కట్ అయిన 48 గంటల్లోపైతే రిఫండ్ గూగుల్‌నే అడగొచ్చు. దాటితే ముందు యాప్ తయారు చేసినవాళ్లను అడగమంటారు.
3. ఐఫోన్‌లో యాపిల్ ద్వారా. దీనికి యాపిల్ వాళ్ల 'రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్' పేజీ ఉంది. యాప్ కంపెనీని అడిగి లాభం లేదు.
4. మొబైల్ రీచార్జ్ ప్లాన్‌తో వచ్చింది. దీనికి జవాబు చెప్పాల్సింది మీ సిమ్ కంపెనీ.

తప్పు తలుపు తడితే "మాకు సంబంధం లేదు" అనే జవాబే వస్తుంది, అది కూడా మూడు రోజుల తర్వాత. బ్యాంకు మెసేజ్‌లోనో యూపీఐ హిస్టరీలోనో డబ్బు ఎవరి పేరున వెళ్లిందో చూడండి. ఆ పేరే మీ అసలు తలుపు. కానీ ఈ పరిశోధన అంతా కస్టమర్ ఎందుకు చేయాలి? "మీ బిల్లింగ్ ఫలానా వాళ్ల దగ్గర ఉంది, ఇక్కడ నొక్కండి" అని యాప్‌లో ఒక్క లైను పెడితే సరిపోయేదానికి!

నంబరు లేని చోట దొంగ నంబరు

ఇది చిరాకుతో పోయే వ్యవహారం కాదు. పెద్ద పెద్ద మ్యూజిక్ యాప్‌లలో సపోర్ట్ ఎక్కువగా చాట్, ఈమెయిల్, హెల్ప్ పేజీలతోనే నడుస్తుంది. మనవాళ్లకేమో కస్టమర్ కేర్ అంటే ఫోన్ నంబరు. గూగుల్‌లో "ఫలానా యాప్ కస్టమర్ కేర్ నంబర్" అని వెతుకుతారు. కంపెనీ నంబరు ఇవ్వని ఆ ఖాళీలో మోసగాళ్లు తమ నంబరు పెడతారు. ఫోన్ చేస్తే తియ్యగా తెలుగులోనే మాట్లాడతారు, "రిఫండ్ వేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అని స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కిస్తారు. 2019లోనే ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ రిజర్వ్ బ్యాంక్ ఇలాంటి మోసం గురించి హెచ్చరించింది. 119 కోసం ఫోన్ చేస్తే ఖాతా మొత్తం ఊడ్చుకుపోవచ్చు.

కాబట్టి యాప్ లోపల, లేదా కంపెనీ సొంత సైట్లో లేని నంబరుకు ఫోన్ చేయొద్దు. రిఫండ్ తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడే అసలు సపోర్ట్ లేకపోవడం వల్లే తెలుగులో మాట్లాడే దొంగకు పని దొరుకుతోందన్నది కంపెనీలు గుర్తించాలి.

కాలర్ ట్యూన్ రోజులు గుర్తున్నాయా?

అడక్కుండానే కాలర్ ట్యూన్ ఎక్కి, బ్యాలెన్స్‌లో ముప్పై రూపాయలు మాయమైన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో ఆ గోల పెరిగి, 2013లో ట్రాయ్ కలగజేసుకుంది. ఇలాంటి సర్వీసు ఏది మొదలుపెట్టాలన్నా కస్టమర్ రెండుసార్లు ఒప్పుకోవాలంది. ఆపుకోవడానికి 155223 అనే నంబరు అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా పెట్టించింది. బటన్ ఫోన్ వాడే ముసలాయన కూడా సర్వీసు ఆపుకోగలిగే పద్ధతి అది. స్మార్ట్‌ఫోన్ వచ్చాక మనం ముందుకు వెళ్లామా, వెనక్కి వెళ్లామా?

నిబంధనలు ఏమంటున్నాయి

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు 2020లో వచ్చాయి. డిజిటల్ సేవలకూ ఇవి వర్తిస్తాయి. గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు యాప్‌లోనో సైట్లోనో కనిపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు వచ్చాయి. అందులో ఉన్న 13 రకాల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' ఒకటి. క్యాన్సిల్ బటన్ దాచిపెట్టడం, క్యాన్సిల్ చేయడాన్ని కష్టంగా మార్చడం దీని కిందికే వస్తాయి. ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ కోసం కూడా కార్డు వివరాలో ఆటో డెబిట్ అనుమతో బలవంతంగా అడగడం కూడా ఇందులోనే ఉంది. "మొదటి నెల ఫ్రీ, ముందు ఆటోపే పెట్టండి" అనే ఆఫర్లను ఈ మాట పక్కన పెట్టి ఒకసారి చూడండి.

ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంక్ నిబంధన కూడా ఉంది. డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి ఉండాలి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి మ్యాండేట్ రద్దు చేసుకోవచ్చు. అయితే దానివల్ల ఇకముందు కట్ అయ్యేది మాత్రమే ఆగుతుంది. పోయిన డబ్బు కోసం కంపెనీని విడిగా అడగాల్సిందే.

కంపెనీ పట్టించుకోకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. ఇది కోర్టు కాదు, ఆర్డర్ వేయలేదు. కానీ మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెడుతుంది. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా మీరుండే చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

"నెలకు వంద తీసుకుని కాల్ సెంటర్ పెట్టాలా?"

కంపెనీల వైపు వాదన కూడా ఉంది. మన దేశంలో రేట్లు తక్కువ. మ్యూజిక్ యాప్‌ల వ్యాపారం కూడా అంత గొప్పగా ఏమీ లేదు. 2024 జనవరిలో రెస్సో ఇక్కడ మూతపడింది, అదే ఏడాది ఆగస్టులో వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ చెప్పింది. అన్ని భాషల్లో కాల్ సెంటర్ పెట్టమంటే భారమే, ఒప్పుకుంటాను.

కానీ నేను అడిగేది కాల్ సెంటర్ కాదు. తెలుగులో టైప్ చేస్తే అర్థం చేసుకునే చాట్, రెండుసార్లు అడిగితే మనిషికి కలిపే బటన్, ఫిర్యాదుకో నంబరు, డబ్బు ఎవరి దగ్గర ఉందో చెప్పే ఒక లైను. మన మూడ్ కనిపెట్టి పాట వేసే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు "డబ్బులు రెండుసార్లు కట్ అయినాయి" అనే ముక్క అర్థం కాదంటే ఎలా నమ్మాలి? ఊళ్లో కేబుల్ ఆయన కూడా నెలకు కొన్ని వందలే తీసుకుంటాడు. బొమ్మ రాకపోతే ఫోన్ ఎత్తుతాడు, సాయంత్రానికి మనిషిని పంపుతాడు. తక్కువ రేటుకు సపోర్ట్ ఇవ్వలేమనే మాట ఆయన ముందు నిలబడదు.

మ్యూజిక్ యాప్ రివ్యూల్లో సౌండ్ క్వాలిటీకి, పాటల సంఖ్యకు, ధరకు మార్కులు వేస్తాం. సపోర్ట్‌కూ వేయాలి. మీరు కూడా ఏడాది ప్లాన్ తీసుకునే ముందు క్యాన్సిల్ బటన్, గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు ఎక్కడున్నాయో వెతకండి, సపోర్ట్ చాట్‌లో తెలుగులో ఒక ప్రశ్న అడిగి చూడండి. ఐదు నిమిషాల్లో ఇవి దొరక్కపోతే ఏడాది ప్లాన్ జోలికి వెళ్లకండి, నెల ప్లాన్‌తో సరిపెట్టుకోండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే "నూట పంతొమ్మిదే కదా" అని వదిలేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని 1915కి ఒక ఫోన్ చేయండి.