చెట్టెక్కేవారికి చట్టం అందదా?

మోకు జారి గీత కార్మికుడు మరణించాడనో, కొబ్బరిచెట్టు పైనుంచి పడి దింపు కార్మికుడు కన్నుమూశాడనో జిల్లా పేజీల్లో తరచుగా చిన్న వార్తలు కనిపిస్తుంటాయి. మరునాటికి అవి మరుగున పడతాయి. గనిలో కప్పు కూలినా, కర్మాగారంలో బాయిలర్ పేలినా విచారణ జరుగుతుంది, బాధ్యులెవరన్న ప్రశ్న తలెత్తుతుంది. అరవై అడుగుల ఎత్తు నుంచి ఒంటరిగా నేలకొరిగిన వాని విషయంలో మాత్రం అది వాని తలరాత అనుకొని సరిపెట్టుకోవడం సమాజానికి అలవాటైంది.

నిజానికి ఇది తలరాత కాదు, వృత్తిలోని ప్రమాదం. కోనసీమ మొదలు కేరళ వరకు కొబ్బరిచెట్టెక్కే కార్మికుడు కేవలం కాయలు దింపేవాడు కాదు. ఎండుమట్టలు తీయటం, మొవ్వు శుభ్రపరచటం, కొమ్ముపురుగు నివారణకు మందు పెట్టటం కూడా అతని పనులే. తెలంగాణలో గీత కార్మికుడు ఒకే తాటిచెట్టును రోజుకు రెండు మూడు మార్లు ఎక్కి దిగుతాడు. శ్రీలంక నైరుతి తీరంలోనైతే చెట్టుకూ చెట్టుకూ మధ్య కట్టిన తాళ్లపై నడిచి కల్లు దింపుతారు. తడిసిన మాను, నలిగిన తాడు, తేనెటీగల దాడి, పక్కనే వేలాడే విద్యుత్తు తీగ - వీటిలో ఏ ఒక్కటి చాలినా ప్రాణం పోతుంది. బతికి బయటపడిన వారిలో వెన్నెముక విరిగి మంచానికే పరిమితమైన వారు ఎందరో ఉన్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనటం న్యాయం కాదు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో ‘కొబ్బరిచెట్టు నేస్తాలు’ అనే భావంతో ఒక శిక్షణ పథకం చేపట్టి, పాదాలతో నడిపే ఎక్కుడు యంత్రం వాడకాన్ని యువకులకు, మహిళలకు సైతం నేర్పింది. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షా కవచం పేరిట గీత కార్మికులకు రక్షణ సామగ్రి పంపిణీని ప్రారంభించింది. పట్టు తప్పినా మనిషి నేలను తాకకుండా ఆపే రెండవ ఆధారం ఉండాలన్నదే దీని వెనుక ఉన్న సూత్రం.

అయితే సామగ్రి ఇచ్చినా కార్మికులు వాడరన్న వాదన ఒకటి వినవస్తున్నది. దింపు కార్మికునికి కూలి చెట్టు లెక్కన ముడుతుంది. ప్రతి చెట్టు వద్ద బెల్టు బిగించి విప్పటానికి పట్టే సమయం అతని సంపాదనలో కోతే. కనుక భద్రతకు అయ్యే సమయాన్ని కూలిరేటులో కలపనిదే ఏ కవచమూ ఇంటి చూరు దిగి రాదు.

చట్టం పరిస్థితి మరింత విచిత్రం. తాటిచెట్లు గీయటం, చెట్లు నరకటం 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులోనే చోటుచేసుకున్నాయి. కాని పరిహారం కోరాలంటే యజమాని ఎవరో చూపాలి. ఉదయం ఒకరి తోటలో, మధ్యాహ్నం వేరొకరి పెరటిలో చెట్టెక్కేవానికి యజమాని ఎవరు? 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ సైతం సాధారణంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే వర్తిస్తుంది. చెట్టుపై ఉండేది ఒక్కడే.

ఇక మిగిలింది బీమా. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాద మరణానికి లభించేది 2 లక్షల రూపాయలు. శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం ఏర్పడినా అంతే. ముప్పయ్యేళ్ల వయసులో నడుము కింది భాగం చచ్చుబడిన మనిషికి ఆ మొత్తం ఎన్నాళ్లు వస్తుంది? బీమా పడిన తరువాత అందే సాయమే గాని పడకుండా ఆపే సాధనం కాదు.

కొత్త కోడ్‌లోనే ఒక దారి ఉన్నది. ప్రాణాపాయకరమైనవిగా కేంద్రం ప్రకటించిన పనులకు కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా దానిని వర్తింపజేయవచ్చు. చెట్లెక్కే వృత్తులను ఆ జాబితాలో చేర్చాలి. చెట్టు ఎక్కించినవారే రక్షణకు బాధ్యులని నిర్దేశించాలి. సొంతంగా చెట్లు గీసుకునే వారికి ఆ బాధ్యతను ప్రభుత్వమే వహించాలి. జరిగిన ప్రతి ప్రమాదాన్ని వృత్తి ప్రమాదంగా నమోదు చేయాలి. లెక్కకెక్కని మరణాలకు బడ్జెట్టులో పద్దు దొరకదు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించటానికి చూపే ఉత్సాహంలో సగమైనా ఆ రెండవ తాడు అందించటంలో చూపితే ఎన్నో కుటుంబాలు నిలబడతాయి.