మీ జేబులో లక్షాధికారి లేడండీ

"ఈ ఐదు రూపాయల నాణెం మీ దగ్గరుందా? అయితే మీరు లక్షాధికారే!"

ఈ టైపు వార్తలు చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా. ఓసారి వైష్ణోదేవి బొమ్మున్న నాణెం అంటారు, ఇంకోసారి శిలువ గుర్తున్న రెండు రూపాయలంటారు, మరోసారి అచ్చు తప్పిన నాణెం అంటారు. ధర మాత్రం ఎప్పుడూ ఐదు లక్షలో పది లక్షలో! ఎవరో పాపం తెలీక నమ్ముతున్నారులే అని సరిపెట్టుకుందామంటే, పొద్దున లేస్తే కోడు డీబగ్ చేస్తూ కూర్చునే మనవాళ్ళే వీటిని గ్రూపుల్లోకి తోస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మొదటి రెండిటి సంగతీ ముందు తేల్చేద్దాం. వైష్ణోదేవి నాణేలు ఆ ఆలయ బోర్డు రజతోత్సవం పేరుతో 2012లో వచ్చినవి. చలామణీ కోసమే వేశారు. శిలువ అని గోల చేసినవి 2005 తర్వాత వచ్చిన స్టీలు నాణేలు. భిన్నత్వంలో ఏకత్వం అని ఆ డిజైనే అంత, ఎవరూ పొరపాటున వేసింది కాదు. ఇంటింటా డబ్బాల్లో పడున్న నాణేనికి ఐదు లక్షలిచ్చే పిచ్చివాడు ఎక్కడున్నాడో చెప్తే నేనూ వెళ్తా.

ఇక మూడోది. అచ్చు తప్పిన నాణెం అనేది నిజంగానే ఉంటుంది, దానికి ఎంతో కొంత విలువా ఉంటుంది. నాకూ ఒకటి దొరికింది, కిరాణా కొట్టు చిల్లరలో. 2011 నుంచి వచ్చిన రకం రెండు రూపాయల నాణెం. ఒక పక్క నెలవంకలా ఖాళీగా ఉంది, బొమ్మంతా రెండో పక్కకి జరిగిపోయింది. ఆఫీసులో చూపించగానే "బాబూ, రిజైన్ చేసేయ్" అన్నారు :) సరే, దీని విలువెంతో నేనే లెక్క తీద్దామని కూర్చున్నా.

టంకశాలలో ముందు లోహపు రేకులోంచి బిళ్ళలు కోస్తారు. ఒక్కో బిళ్ళా ఉంగరం లాంటి చట్రంలో కూర్చుంటుంది, పైనించీ కిందనించీ రెండు అచ్చులు ఒకేసారి నొక్కుతాయి. బిళ్ళ సరిగ్గా కూర్చోలేదనుకోండి, నా నాణెం తయారవుతుంది. అంతకుముందు కొట్టిన నాణెం ఊడిపోకుండా అచ్చుకే అంటుకుని ఉండిపోయిందనుకోండి, తర్వాతి బిళ్ళకి ఒక వైపు మామూలు బొమ్మ, రెండో వైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి నొక్కుకుని వస్తుంది. మన దేశంలో సేకరించేవాళ్ళు దీన్ని లఖీ నాణెం అంటారు. ఒక అచ్చు బిగింపు వదిలి తిరిగిపోతే, ముందు వైపు సింహాలు నిటారుగా నిలబడి ఉంటాయి, వెనక వైపు అంకె పడుకుని ఉంటుంది. ఇవన్నీ క్యూఏ కళ్ళుగప్పి ప్రొడక్షన్‌లోకి వచ్చేసిన బగ్గులన్నమాట.

కాబట్టి మొదటి ప్రశ్న, ఈ తప్పు టంకశాలలో జరిగిందా, బయట జరిగిందా? రెండు అచ్చులూ ఒకేసారి పడతాయి గనక, అసలైన తప్పయితే రెండు వైపులా ఒకే చోట బొమ్మ లేకుండా పోవాలి. ఒక వైపే అరిగిపోయి రెండో వైపు నిక్షేపంగా ఉంటే అది ఎవరో ఆకురాయితో చేసిన కళ. లఖీ పేరుతో రెండు నాణేల్ని వైస్‌లో బిగించి నొక్కి అమ్మేవాళ్ళూ ఉన్నారు. వాటిల్లో అసలు బొమ్మ నలిగి చదునైపోయి కనిపిస్తుంది. తర్వాత బరువు. ఈ రకం రెండు రూపాయలు 4.85 గ్రాములుండాలి. కంసాలి దగ్గర తూయించా, సరిపోయింది. అయస్కాంతానికీ అతుక్కుంది.

రెండో ప్రశ్న, తప్పు ఎంత పెద్దది? వెంట్రుకవాసి పక్కకి జరిగిన నాణేన్ని ఎవడూ పట్టించుకోడు. సగం జరిగి, సంవత్సరం కూడా కనిపిస్తుంటే అడిగేవాళ్ళుంటారు. సంవత్సరం కింద టంకశాల గుర్తుంటుంది. హైదరాబాదుకి నక్షత్రం, ముంబైకి డైమండు, నోయిడాకి చుక్క. కోల్‌కతాకి అసలు గుర్తే ఉండదు. గుర్తు లేకపోవడమే 'ఎర్రర్' అని అమ్మే మహానుభావుల్ని కూడా చూశాను!

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. కొనేవాడు ఎవడు? ఏదో సైట్లో ఎవరో ఐదు లక్షలని పెట్టారు కాబట్టి ఇది ఐదు లక్షలు అనే లాజిక్ నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నా పాత బైకుని కోటి రూపాయలకి పెడతా. అది కోటి రూపాయల బైకు అయిపోతుందా? అమ్ముడుపోయిన ధర చూడాలి గానీ అడిగిన ధర కాదు.

బ్రిటన్‌లో ఆన్‌సైట్ చేసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. 2008లో అక్కడి 20 పెన్నీల నాణెం డిజైను మార్చి, సంవత్సరాన్ని వెనక వైపు నుంచి ముందు వైపుకి తెచ్చారు. టంకశాలలో ఎవరో కొత్త వెనక అచ్చుకి పాత ముందు అచ్చు జత చేశారు. ఇంకేముంది, సంవత్సరమే లేని నాణేలు బయటికొచ్చాయి! మూడొందల ఏళ్ళ పైచిలుకులో అలాంటిది జరగడం అదే మొదలు. ఈబేలో వేల పౌండ్లు అడిగినవాళ్ళున్నారు. 2009లో ఒక ప్రైవేటు నాణేల సంస్థ నిజంగా కొంటామని చెప్పిన ధర ఎంతో తెలుసా? యాభై పౌండ్లు. అంత పేరుమోసిన తప్పుకే అది లెక్క.

నా నాణేనికి కోఠీలో ఒకాయన రెండొందల యాభై అన్నాడు, ఇంకొకాయన బేరమాడితే నాలుగొందల దాకా వచ్చాడు. రెండు రూపాయలకి రెండొందల రెట్లు! నాకైతే ముచ్చటేసింది, అమ్మకుండా దాచుకున్నా. అంచేత సేకరించేవాళ్ళ మీద నాకేం కోపం లేదు. వాళ్ళది ఓపికున్న సరదా.

ఇదంతా సరదాగానే పోతే నేనూ ఊరుకునేవాణ్ణి. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఫోనుకి ఇలాంటి వీడియో ఒకటొచ్చింది. అందులో నంబరుకి ఫోన్ చేశాడు. వైష్ణోదేవి నాణేనికి పది లక్షలన్నారు. రిజిస్ట్రేషన్ అని 1,150 కట్టించుకున్నారు, జీఎస్టీ అని 8,500, కొరియర్ ఇన్సూరెన్సని ఇంకో 13 వేలు. అప్పు చేసి మరీ కట్టాడు. ఆ తర్వాత ఆర్బీఐ లోగోతో ఒక ఉత్తరం పట్టుకుని నా దగ్గరికొచ్చి, "సార్, ఇంకో ఆరు వేలు కడితే పైసలు పడ్తయంట, కట్టాల్నా?" అని అడిగాడు. మొత్తం 22,650 పోయాక!

నాణేలు విడుదల చేసేది కేంద్ర ప్రభుత్వం, ముద్రించేది దాని టంకశాలలు. ఆర్బీఐ పని వాటిని పంచడం. పాత నాణేల అమ్మకాల పేరుతో తమ పేరూ లోగో వాడి ఫీజులు, కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, వాటితో తమకే సంబంధం లేదని ఆర్బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. వాచ్‌మన్‌కి ఇది తెలియకపోవడంలో వింతేం లేదు. ఆ వీడియో ఆయనకి పంపింది మాత్రం మా మూడో అంతస్తులో ఉండే ప్రాజెక్ట్ మేనేజరు. జావాలో పన్నెండేళ్ళ అనుభవం! అడిగితే "జస్ట్ ఫార్వర్డ్ చేశా బాస్, ఎవరికైనా పనికొస్తుందేమోనని" అన్నాడు. టెస్ట్ చెయ్యని కోడు ఇలాగే ఎవరికో పనికొస్తుందని ప్రొడక్షన్‌లో పెడతాడా ఈయన?

1930కి ఫోన్ చేసి కంప్లయింటు ఇప్పించాం. ఇంతవరకూ ఒక్క రూపాయీ వెనక్కి రాలేదు. మేనేజరు గారు ఆ వీడియోని అపార్ట్‌మెంటు గ్రూపులో కూడా పెట్టారు, అది ఇంకా అక్కడే ఉంది. తీసెయ్యండి, అది మోసమని కింద ఒక్క లైను రాయండి అని మూడుసార్లు అడిగా. రాసేదాకా అడుగుతూనే ఉంటా.